ఇనుప టోపీల ఊరేగింపు

(ఊరి పేరు రాయడం లేదు)
14 నవంబరు, 1993

అత్తయ్యకు,

లోర్నా రాస్తున్నాను. ఈ ఉత్తరం మీ ఇంటికి కాకుండా మీరు పనిచేసే ఉన్ని కొట్టుకు ఎందుకు వచ్చిందో మీకు చెప్పనక్కర్లేదు. మీ అబ్బాయి నా చేతిరాతను వీధి అవతలి నుంచైనా గుర్తుపడతాడు. అందుకని కవరు మీద చిరునామా వేరే ఆవిడ చేత రాయించాను.

మేం ముగ్గురం బాగున్నాం. మొదట తెలియాల్సింది అదే. సెప్టెంబరులో పిల్లల్ని బడి గేటు దగ్గర్నుంచే బస్సెక్కించాను. మీతో కూడా చెప్పకుండా వచ్చేశానని కష్టపెట్టుకుని ఉంటారు. చెప్పి ఉంటే, డెరెక్ అడిగినప్పుడు మీరు అబద్ధం ఆడాల్సి వచ్చేది. ఆయన ముందు అబద్ధం ఆడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ పని మీకు పెట్టదలచుకోలేదు.

కొన్నాళ్ళు ఆడవాళ్ళకు ఆశ్రయమిచ్చే ఇంట్లో ఉన్నాం. ఇప్పుడు మాకంటూ రెండు గదులు దొరికాయి. కింద చేపలు వేయించి అమ్మే కొట్టు. ఆ వాసనకి పిల్లలకు గ్రిమ్స్‌బీలో ఉన్నట్టే ఉంది. నా మణికట్టు అతుక్కుంది. చలి పెరిగితే లాగుతుంది, అంతే.

కిర్‌స్టీ పదేళ్ళ పిల్లలా లేదు. మెట్ల మీద అడుగుల చప్పుడైతే చాలు, చేతిలో పని ఆపి వింటుంది. డంకన్ రోజూ పడుకునే ముందు తలుపు తెర వెనకా, బీరువాలోనూ చూస్తాడు. "ఎవరూ లేరని చెప్పమ్మా" అంటాడు. "ఎవరూ లేర్రా" అంటాను. "ఊరికే అనకు. చూసి చెప్పు" అంటాడు. లేచి చూసి చెబుతాను. మొన్న అడిగాడు: "నానమ్మ నన్ను చేపపిల్లా అంటుంది కదా, ఇక్కడ ఎవరూ అనరేం?"

జవాబు లీడ్స్ పోస్టు పెట్టె నంబరుకు రాయండి. మేం ఉండేది లీడ్స్‌లో కాదు. అక్కడి ఆడవాళ్ళు వారానికోసారి నాకు పంపిస్తారు. ఏ ఊరని మాత్రం అడగకండి. మీకు తెలియనిది మీ చేత ఎవరూ చెప్పించలేరు.

పిల్లలు ఈ కాగితానికి బుగ్గలు ఆనించి పంపుతున్నారు.

లోర్నా


గ్రిమ్స్‌బీ
22 నవంబరు

అమ్మాయ్ లోర్నా,

నీ ఉత్తరం చూసి కొట్లో ఊలు ఉండల మధ్య కూలబడ్డాను. ఓ కస్టమరు నాకు మంచినీళ్ళిచ్చి, పాపం ఎవరో పోయారనుకుంది. పోలేదమ్మా, దొరికారు అని చెబుదామనిపించింది. నోరు నొక్కుకున్నాను.

నాకు చెప్పకుండా వెళ్ళినందుకు కష్టమేం లేదు. ఇంకా ముందే వెళ్ళనందుకు ఉంది. ఆ మాట నీ మొహాన అనలేకపోయాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

డెరెక్ తన ఇంట్లోనే ఉన్నాడు. ఆదివారాలు భోజనానికి వస్తాడు. మా వీధి ముసలమ్మలకు బొగ్గు బస్తాలు మోసిపెడతాడు. "బంగారం లాంటి కొడుకు, పెళ్ళాం అన్యాయం చేసి పోయింది" అని వాళ్ళు నాకే చెబుతారు. భోజనం దగ్గర ఏడుస్తాడు. ఏడుస్తూ వేళ్ళ సందుల్లోంచి నా మొహం చూస్తాడు. మూడేళ్ళప్పుడూ అంతే. వాణ్ణి కన్నదాన్ని, ఆ మాత్రం తెలియదా?

నాకేం తెలియదనే చెప్పాను. నీ ఉత్తరం చదివి పొయ్యిలో వేశాను. ఇక ముందూ అంతే చేస్తాను, భయపడకు.

పిల్లలకు చేతి తొడుగులు అల్లుతున్నాను. కిర్‌స్టీకి ఎరుపు. చేపపిల్లకు ఆకుపచ్చ, రెండూ కలిపి దారం వేసి పంపుతాను, లేకపోతే ఒకటి పారేస్తాడు. వాడికి చెప్పు: చేపపిల్ల ఎక్కడున్నా చేపపిల్లే, నానమ్మ ఇక్కడ్నుంచే పిలుస్తోందని.

తలుపుకు గొళ్ళెం ఒకటి చాలదు. రెండు పెట్టించుకో.

నానమ్మ ఈనిడ్


23 జనవరి, 1994

అత్తయ్యకు,

తొడుగులు క్రిస్మస్‌కు ముందే అందాయి. డంకన్ వాటితోనే పడుకుంటున్నాడు. ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. పని దొరికింది. పిల్లల బడిలోనే, మధ్యాహ్నం వంటశాలలో. నూటయాభై మందికి గ్రేవీ కలిపి కలిపి మణికట్టు నొప్పి కూడా మరిచిపోయాను.

ఈ మధ్య నవ్వుతున్నాం. అది మీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

మా వాడికి వైకింగుల పిచ్చి పట్టింది. వాళ్ళ టీచరు చెప్పిందట: వెయ్యేళ్ళ కిందట సముద్రం దాటి పడవల మీద వచ్చి ఈ ఊరు పట్టుకున్నారు, ఇక్కడే ఇళ్ళు కట్టుకున్నారు, మన వీధుల పేర్లు కూడా వాళ్ళు పెట్టినవే అని. ఫిబ్రవరిలో బడి సెలవుల వారం వాళ్ళ పండుగ. ఎక్కడెక్కడి వాళ్ళో వైకింగుల వేషాలు కట్టుకుని వస్తారు. నదిలో పడవలు నడుపుతారు. శనివారం పెద్ద ఊరేగింపు, కత్తులు, డాళ్ళు, డప్పులు. వీడు అట్టముక్కతో డాలు చేసుకున్నాడు. దాని మీద డ్రాగన్ గీయమంటే హెర్రింగ్ చేప గీశాడు. "డ్రాగన్‌ని నేనెప్పుడూ చూళ్ళేదు, చేపని చూశాను" అని వాదన. కిర్‌స్టీ కూడా పడీపడీ నవ్వింది. ఎన్నాళ్ళకో.

జనంలోకి తీసుకెళ్ళాలంటే లోపల కొంచెం బెదురుగానే ఉంది. కానీ ఎన్నాళ్ళని గదిలో పెట్టి ఉంచను? తీసుకెళ్ళకపోతే వీడు పగిలిపోయేలా ఉన్నాడు.

మీరూ పక్కన ఉంటే ఎంత బాగుండును.

లోర్నా


గ్రిమ్స్‌బీ
4 ఫిబ్రవరి

ప్రియమైన లోర్నాకు,

నీ ఉత్తరం అందింది. నేను క్షేమం. డంకన్, కిర్‌స్టీ పండక్కి వెళుతున్నారని తెలిసి సంతోషించాను.

మీరు ఏ రోజు వెళుతున్నారు? ఏ వేళకు? ఊరేగింపు చూడటానికి ఎక్కడ నిలబడతారు? డంకన్ ఏ వేషం వేసుకుంటాడు? ఇవన్నీ రాస్తే ఆ రోజు నేను ఇక్కడ కూర్చుని ఊహించుకుంటాను. వెంటనే జవాబు రాయి.

డెరెక్ చాలా మారాడు. తాగడం మానేశాడు. పిల్లల కోసం బెంగపెట్టుకున్నాడు. పిల్లలకు తండ్రి అవసరం.

డంకన్‌కు నా ముద్దులు.

ఈనిడ్ స్టోథర్డ్


10 ఫిబ్రవరి

అత్తయ్యకు,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నా మీద కోపం వచ్చిందా? నవ్వుతున్నామని రాయడం తప్పయిందేమో. మీ కొడుకు అక్కడ ఏడుస్తుంటే మేం ఇక్కడ పండగలకు వెళుతున్నామని మీకు బాధ కలిగి ఉంటుంది. కన్నతల్లి కదా. ఆయన మారాడని మీరు రాస్తే, మారి ఉంటే మంచిదే అనుకుంటాను. అంతకుమించి ఆ సంగతి మాట్లాడలేను.

మీరు అడిగినవి రాస్తున్నాను, కోపం పోవాలి మరి. పందొమ్మిదో తారీకు శనివారం వెళతాం. భోజనాల వేళకు ఊరేగింపు. సంత వీధి చివర, చర్చి పక్కన మలుపు దగ్గర అడ్డతాడు కడతారట. పొట్టివాళ్ళకు అక్కడైతే బాగా కనబడుతుందని వంటశాలలో అన్నారు. డంకన్‌కు పాత గోధుమరంగు దుప్పటి కత్తిరించి పైబట్ట కుట్టాను. చేతిలో హెర్రింగ్ డాలు. కిర్‌స్టీ వేషం వేయనంది.

ఇప్పుడు ఊహించుకోండి. ఊహలో మాతోపాటు నిలబడండి.

లోర్నా


గ్రిమ్స్‌బీ, ఉన్ని కొట్టు
18 ఫిబ్రవరి, శుక్రవారం

లోర్నా,

వెళ్ళకు. పిల్లల్ని బయటికి తీసుకురాకు. డెరెక్‌కు అన్నీ తెలుసు. నాలుగో తారీకు ఉత్తరం వాడు వెనక నిలబడి రాయించాడు. ఊరు కూడా వాడికి తెలిసిపోయింది, వైకింగుల పండుగ అంత పెద్దగా జరిగే ఊరు ఇంకేముంది? రేపు పొద్దున్నే బయల్దేరతాడు. ఇనుప టోపీ, తోలు కోటు అద్దెకు తెచ్చుకున్నాడు. నిన్నటిదాకా నన్ను కంటికి దూరం కానివ్వలేదు. ఇప్పుడు బయట వ్యానులో కూర్చుని ఉన్నాడు, జీతం తెచ్చుకుంటానని లోపలికొచ్చాను. కొట్టామె ఈ ఉత్తరం వేస్తుంది. వేస్తుందే గాని, లీడ్స్ వెళ్ళి అక్కడ్నుంచి నీకు ఎప్పటికి చేరుతుంది? వెళ్ళకు

ఈనిడ్


యార్క్
20 ఫిబ్రవరి, ఆదివారం

ఈనిడ్ స్టోథర్డ్ గారికి,

ఊరి పేరు రాస్తున్నాను. దాచడానికి ఇంకేం లేదు.

మీ కొడుకు నిన్న వచ్చాడు. ఎక్కడ నిలబడతామో, డంకన్ ఒంటి మీద ఏముంటుందో, చేతిలో ఏముంటుందో అన్నీ తెలుసుకుని వచ్చాడు. ఆ సంగతులు నేను రాసింది ఈ లోకంలో ఒక్క మీకే.

ఏం జరిగిందో మీకు తెలియాలి. మీ కళ్ళతో చూసినట్టు తెలియాలి.

వారమంతా వాన. నది పొంగి ఒడ్డున దారి మునిగింది. పడవల పోటీ రద్దు చేశారు. దాంతో జనమంతా సంత వీధిలోకే వచ్చారు. మేం తాడు దగ్గర నిలబడ్డాం, డంకన్ ముందు, కిర్‌స్టీ వాడి పైబట్ట పట్టుకుని, నేను వాళ్ళ వెనక. డప్పులు దగ్గరయ్యాయి. వందల మంది. కొందరి ఇనుప టోపీలకు కళ్ళ చుట్టూ వలయాలు, ముక్కు మీదికి పట్టీ. గడ్డం తప్ప మొహం కనబడదు. పిల్లల ముందు ఆగి గర్జిస్తారు, కత్తి ముట్టుకోనిస్తారు, నవ్వి వెళ్ళిపోతారు. డంకన్ గంతులేస్తున్నాడు.

ఒకతను వరస లోంచి వచ్చి వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెవిలో ఏదో అన్నాడు. డంకన్ తిరిగి నా మొహం చూశాడు. సగం నవ్వు. పాత ఇంట్లో మెట్ల మీద చప్పుడైనప్పుడు వాడి మొహం అలాగే ఉండేది, కానీ నాకు అప్పుడు తట్టలేదు. అతను వాణ్ణి తాడు మీదుగా ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు. చుట్టూ అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. నా బిడ్డను ఎత్తుకుపోతుంటే నేను కూడా చప్పట్లు కొట్టాను.

కిర్‌స్టీ నా చెయ్యి గిల్లింది. "అమ్మా, ఆ వైకింగు నాన్న బూట్లేసుకున్నాడు" అంది. చేపల రేవులో వేసుకునే బూట్లు. ఒకదానికి పసుపు తాడు.

తాడు కింద నుంచి దూరాను. అప్పటికే ఆ భుజాలు వందల భుజాల్లో కలిసిపోయాయి. ఎటు చూసినా అవే టోపీలు. ఒకడి చెయ్యి లాగి టోపీ కిందికి చూశాను, కాదు. ఇంకొకడు, కాదు. "ఏంటమ్మా, వేషమా ఇది?" అని ఒకడు నవ్వాడు. డంకన్ పేరు పెట్టి అరుస్తున్నాను, డప్పుల్లో నా గొంతు నాకే వినబడలేదు. అట్ట డాలు కింద పడి ఉంది. నదికి దిగే సందు మొదట్లో.

ఆ సందులోకి పరిగెత్తాను. సందు చివర నీళ్ళు. బురద రంగు నీళ్ళు సుడి తిరుగుతూ పోతున్నాయి. పక్కనే బండ్లు నిలిపే చోటు సగం మునిగి ఉంది, అందులో మీ వ్యాను కనబడుతోంది. మోకాలి లోతులో డెరెక్, భుజాల మీద డంకన్. వ్యాను దగ్గరికి నడవబోతున్నాడు. నన్ను చూసి టోపీ తీశాడు. నవ్వాడు.

"వచ్చావా? వ్యానెక్కు లోర్నా. ఇంటికెళ్దాం. అమ్మ వంట చేసి పెట్టింది."

ఎంత మెత్తగా అన్నాడో మీకు తెలుసు. నేను ఒక అడుగు ముందుకు వేశాను. నా కాళ్ళు నన్నడగలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

వెనక నుంచి ఎవరో నా కోటు పట్టుకుని ఆపారు. కిర్‌స్టీ. తను ఊరికే నా వెంట పరిగెత్తలేదు. ఊరేగింపులో ఒక లావుపాటి ఆవిడ కాళ్ళకు అడ్డం పడి, "వాడు మీవాడు కాదు, మా తమ్ముణ్ణి ఎత్తుకుపోతున్నాడు" అని చెప్పి లాక్కొచ్చింది. ఆవిడ వెనక మరో ఆరేడుగురు. బార్న్‌స్లీలో బస్సు నడుపుతుందట ఆవిడ. రెండు జడలు, తోడేలు చర్మం, భుజాన గొడ్డలి. అందరూ డాళ్ళు పక్కపక్కన పెట్టి సందు మూసేశారు.

డెరెక్ ఏమాత్రం కంగారు పడలేదు. "నాటకం బాగుందండీ. కానీ వీడు నా కొడుకు. వాణ్ణే అడగండి. డంకన్, నేనెవర్రా?"

"నాన్న" అన్నాడు డంకన్. వినీ వినబడకుండా.

ఒక డాలు కిందికి దిగింది. "నాన్నేనటమ్మా" అన్నాడు ఆ డాలు పట్టుకున్నతను నాతో. అందరూ నా వైపు చూస్తున్నారు. మాకు ఆశ్రయమిచ్చిన ఆడవాళ్ళు కోర్టు ఆర్డరు ఇప్పించారని, ఆయన మా దగ్గరికి రాకూడదని చెప్పాలి. నోరు తెరిచాను. మాట రాలేదు. ఆయన చూస్తున్నాడు కదా.

ఆ జడల ఆవిడ డంకన్‌నే చూస్తోంది. వాడి లాగు తడిసి డెరెక్ మెడ మీదుగా కారుతోంది. ఆవిడ గొడ్డలి పక్కవాడికిచ్చి నీళ్ళలోకి దిగింది.

"మీరు నాన్నే అయ్యుండొచ్చు బాబూ. పిల్లాడు వణికిపోతున్నాడు. ముందు ఇలా ఇవ్వండి, గట్టు మీద పెడదాం. తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు."

చేతులు చాచి అలాగే నిలబడింది. వెనక సందు నిండా జనం. ఇంతమంది ముందు కాదనడం ఆయనకు చేతకాదు. మంచివాడనిపించుకోవాలి. ఆయన మొహంలో లెక్క వేసుకోవడం కనబడింది. ఒక్క క్షణం నది వైపు కూడా చూశాడు. ఆ చూపు నాకు రాత్రంతా కళ్ళముందే ఉంది. తర్వాత, "తీసుకోండి, పాపం వాడికి చలి" అని ఇచ్చేశాడు.

అప్పుడే ఇద్దరు పోలీసులు సందులోకి వచ్చారు. నేనింకా నోరు విప్పనే లేదు. వాళ్ళలో ఒకతను నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళి, "డెరెక్ స్టోథర్డ్ నువ్వేనా?" అన్నాడు.

ఆ పేరు వాళ్ళకెవరు చెప్పారు? నేను చెప్పలేదు. కిర్‌స్టీ చెప్పలేదు. అడిగితే, గ్రిమ్స్‌బీ నుంచి కబురొచ్చింది అన్నారు. అంతే.

ఇంటికొచ్చి మీ నాలుగో తారీకు ఉత్తరం మళ్ళీ తీశాను. డంకన్, డంకన్ అని ఉంది. ఒక్కచోట కూడా చేపపిల్ల లేదు. ఆ రోజు అది చూసి కోపం అనుకున్నాను. ఇప్పుడేమనుకోవాలో తెలియడం లేదు.

మేం ఫలానా చోట ఉంటామని ఆయనకు తెలిసింది మీ వల్ల. పోలీసులకు చెప్పింది కూడా మీరేనా?

లోర్నా


గ్రిమ్స్‌బీ
25 ఫిబ్రవరి

లోర్నా,

ఈ ఉత్తరం కొట్టామె చేత రాయిస్తున్నాను. నేను చెబుతుంటే తను రాస్తోంది. ఎందుకో తర్వాత చెబుతాను.

రెండూ నేనే.

డెరెక్ క్రిస్మస్ మర్నాటి నుంచి మా ఇంట్లోనే ఉంటున్నాడు. అద్దె కట్టలేదని ఇంటివాళ్ళు వెళ్ళగొట్టారు. నీకు రాయలేదు. రాస్తే నువ్వు ఉత్తరాలు మానేస్తావు, పిల్లల కబుర్లు ఆగిపోతాయి. అంత స్వార్థం నాది. ఉత్తరాలు పొయ్యిలో వేస్తున్నానన్నాను కదా. వేయలేదు. పిల్లల పేర్లున్న కాగితాన్ని మంటలో పెట్టడానికి చెయ్యి రాలేదు. అల్లిక సంచీ అడుగున దాచాను. వాడు ఎప్పుడూ ముట్టుకోని సంచీ అది. ఒకరోజు కొట్టు నుంచి వచ్చేసరికి బల్ల మీద నీ ఉత్తరాలు వరసగా పరిచి ఉన్నాయి. పక్కన నాకు టీ కలిపి పెట్టి ఉంది.

"కూర్చో అమ్మా. కోడలికి జవాబు రాద్దాం" అన్నాడు.

రాయనన్నాను. నా ఎడమ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు, చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు పట్టుకున్నట్టే. చిటికెన వేలు వెనక్కి వంచాడు. తర్వాత పక్కది. "కుడి చెయ్యి కావాలిగా రాయడానికి" అన్నాడు. రాశాను. నా బలం అంతే లోర్నా. వాడు చెప్పింది చెప్పినట్టు రాశాను. వాడు 'డంకన్' అంటే డంకన్ అనే రాశాను. పిల్లాణ్ణి నేనేమని పిలుస్తానో వాడికి ఎప్పుడూ గుర్తుండదు. ఆ ఒక్క సందు దొరికింది నాకు. నువ్వు పట్టుకుంటావని ఆశపడ్డాను. కోపం అనుకుంటావని తోచలేదు.

నీ జవాబు కొట్టు దగ్గర వాడే అందుకున్నాడు. చదివి జేబులో పెట్టుకుని, "సంత వీధి, చర్చి మలుపు" అని పాటలా అనుకుంటూ తిరిగాడు.

శుక్రవారం ఉత్తరం వేయించాను, కన్నకొడుకు మీద పోలీసులకు చెప్పడానికి అప్పటికి మనసు రాలేదు. ఇంటికొచ్చి లెక్క చూసుకున్నాను. ఎలా చూసినా శనివారానికి నీకు చేరదు. ఫోను దగ్గర వాడే కూర్చున్నాడు. శనివారం తెల్లారకుండానే లేచి వాడికి గుడ్లు వేయించి పెట్టాను. వాడు తిని, నా నెత్తి మీద ముద్దు పెట్టి, "పిల్లల పక్కలు సర్దు, సాయంత్రానికి వచ్చేస్తాం" అని వెళ్ళాడు. వ్యాను చప్పుడు దూరమయ్యేదాకా గిన్నె కడుగుతూనే ఉన్నాను. కోటు వేసుకుని వీధిలోకి వచ్చాను. బొగ్గు బస్తాల ముసలమ్మ పలకరించింది: "ఇంత పొద్దున్నే ఎక్కడికి ఈనిడ్?" "చేపలకి" అన్నాను.

పోలీసు స్టేషను ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచాను. వాడు కడుపులో ఉన్నప్పుడు మీ మామయ్య పడవ ఐస్లాండ్ దగ్గర తుఫానులో చిక్కుకుంది. ఆయన తిరిగి రాకపోయినా వీడుంటాడు చాలు అనుకున్నాను. అదెందుకు గుర్తొచ్చిందో. లోపలికి వెళ్ళాను. కౌంటరు దగ్గర చిన్నవాడు, మీసాలు కూడా సరిగ్గా రాలేదు. ఏం కావాలమ్మా అన్నాడు. ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టాను. అతను చూసి లేచి నిలబడ్డాడు.

"ఎవరు చేశారమ్మా?"

"నా కొడుకు" అన్నాను. పేరు చెప్పాను. ఎక్కడికి వెళ్ళాడో, ఏ టోపీ పెట్టుకున్నాడో, ఎవరి కోసం వెళ్ళాడో చెప్పాను. తర్వాత వాళ్ళ బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చున్నాను. నది పొంగిందని రేడియోలో అంటున్నారు. పిల్లాడు దొరికాడని చెప్పేదాకా నేనెవరినీ ఏమీ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని.

డాక్టరు వేళ్ళు చూశాడు. ఆలస్యమైంది కాబట్టి వంకరగానే ఉంటాయట. కుడి చెయ్యి బాగానే ఉంది, కానీ కలం పట్టుకుంటే వాడు వెనక నిలబడినట్టే ఉంటోంది. అందుకే ఈ చేతిరాత నాది కాదు.

నన్నేమైనా అను. పిల్లలు ఎలా ఉన్నారో ఒక్క ముక్క రాయి చాలు.

ఈనిడ్


యార్క్
13 మార్చి

అత్తయ్యకు,

శుక్రవారం నాడు మీరు రాసిన ఉత్తరం నాకు బుధవారం చేరింది. చివర చుక్క కూడా పెట్టకుండా ఆగిన ఆ 'వెళ్ళకు' చూసి మెట్ల మీద కూర్చుండిపోయాను.

మిమ్మల్ని క్షమించానా అని నన్నడగకండి. ఒక పూట క్షమిస్తాను. ఇంకో పూట ఆ ఉత్తరాల్ని మీరెందుకు కాల్చలేదా అని పళ్ళు కొరుక్కుంటాను. కానీ మీ వేళ్ళు తలుచుకోని రోజు లేదు. మనిద్దరికీ ఒకే చెయ్యి పోయింది, గమనించారా? నాదీ ఎడమ మణికట్టే.

డంకన్ పక్క తడుపుతున్నాడు. మొన్న స్నానం చేయిస్తుంటే అడిగాడు: "ఎవరు అని అడిగితే నాన్న అన్నాను కదా, అబద్ధం చెప్పాల్సిందా?" నిజమే చెప్పావురా, తప్పేం లేదు అన్నాను. కాసేపు నీళ్ళు చూసి, "నన్ను నదిలో పడేసేవాడా?" అన్నాడు. లేదు అన్నాను. ఊరికే అనకు అన్నాడు. కిర్‌స్టీ వాడి తల తుడుస్తూ, "నేనుంటే పడేయలేడులే" అంది. ఆ పిల్ల ఇప్పుడు కిటికీ పక్కన పడుకుంటోంది, వీధి కనబడాలని. పదేళ్ళ పిల్ల కాపలా కాస్తుంటే నేను తల్లినని చెప్పుకుంటున్నాను.

ఆయన బెయిలు మీద బయటే ఉన్నాడట. హల్ అనే ఊళ్ళో ఏదో వసతి గృహంలో. నా దగ్గరికీ మీ దగ్గరికీ రాకూడదట. ఎవరు చూడొచ్చారు? సాయంత్రం కింద కొట్లో చేపల కోసం నిలబడ్డ ప్రతి మగాడి బూట్లు చూస్తున్నాను.

మా లాయరమ్మ చెప్పింది, విచారణ ఏప్రిల్‌లో. సందులో జరిగిందొక్కటే అయితే, బిడ్డల మీద ప్రేమతో వచ్చిన తండ్రి అంటారట, మందలించి వదిలేయవచ్చట. మీ చేతి సంగతి మీరు నోటితో చెబితేనే అసలు కేసు. మీ నోటితో, ఆయన ఎదురుగా.

చెప్పమని అడగను. మీరు తల్లి. కానీ చెప్పకపోతే మేం మళ్ళీ ఊరు మారాలి. ఈసారి మీకు కూడా తెలియకుండా.

లోర్నా


గ్రిమ్స్‌బీ
22 ఏప్రిల్

అమ్మాయ్ లోర్నా,

ఇది నా చేతి రాతే. వంకరగా ఉంటే సర్దుకో.

చెప్పాను. ఎలా అయిందో నీకు తెలియాలి.

కోర్టు గదిలోకి వెళ్ళేసరికి వాడు కొత్త చొక్కా వేసుకుని, తల దువ్వుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచాడు. "భోంచేశావా అమ్మా? రంగు తగ్గావు" అన్నాడు. వెనక కూర్చున్న ఆడమనిషి ఒకావిడ అయ్యో పాపం అన్నట్టు నిట్టూర్చింది. నిజం చెబుతున్నా, ఆ మాటకు నా నోట్లోకి "తిన్నానయ్యా" అనే వచ్చింది. పట్టుకోవడానికి చెక్క కమ్మీ ఉంది, దాన్ని పట్టుకుంటే ఈ రెండు వేళ్ళు వంగవు. బయటికి పొడుచుకు వచ్చి అందరికీ కనబడ్డాయి. వాడూ చూశాడు. చూసి మొహం తిప్పుకోలేదు. మాటల్లేకుండా పెదవులు కదిపాడు. ఇంకెవరికీ తెలియలేదు గానీ నాకు తెలిసింది. "ఇంటికెళ్ళాక" అన్నాడు.

అప్పుడు చెప్పాను. టీ కప్పు దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా. మధ్యలో నీళ్ళిచ్చారు, వద్దన్నాను, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని.

ఏడాదిన్నర వేశారు. వాణ్ణి కింది జైలు గదికి తీసుకెళుతుంటే ఈసారి ఏడ్చాడు. చేతులకు బేడీలు, మొహం కప్పుకోవడానికి లేదు. నిజం ఏడుపో కాదో తెలుసుకుందామని చూశాను. నాకు తెలియలేదు లోర్నా. కన్నదాన్ని, నాకు కూడా తెలియలేదు.

బొగ్గు బస్తాల ముసలమ్మలు పలకరించడం మానేశారు. నిన్న మా గుమ్మం ముందు ఎవరో చేప పేగులు పారేసి వెళ్ళారు. రేవులో వాడికి స్నేహితులెక్కువ. ఒకడు కొట్టు కిటికీ లోంచి చూసి, తల ఊపి వెళ్ళాడు. రాత్రి గొళ్ళెం వేసి, బల్ల జరిపి, ఆ బల్ల మీద కూర్చుని కాసేపు వింటాను. ఏడాదిన్నర ఎంతలో అయిపోతుంది?

వచ్చే శనివారం రమ్మన్నావు. వస్తాను. కానీ ఒక మాట విను. పిల్లల్ని స్టేషనుకు తీసుకురాకు. నువ్వూ రాకు. నేను బండి దిగి, అక్కడే టీ కొట్లో గోడకు వీపు ఆనించి కూర్చుంటాను. నాతో దిగిన వాళ్ళంతా వెళ్ళిపోవాలి. తర్వాతి బండి వాళ్ళు కూడా దిగి వెళ్ళిపోవాలి. వాళ్ళ మొహాలన్నీ చూసి, నా వెనక ఎవరూ రాలేదని నాకు నమ్మకం కుదిరాక అప్పుడు లేచి వస్తాను. ముసల్దానికి చాదస్తం అనుకుని నవ్వుకుంటే నవ్వుకో.

ఆలస్యమవుతుంది. పిల్లలకు ముందే అన్నం పెట్టేయి. వాకిలి తట్టేటప్పుడు నా పేరు చెబుతాను. అయినా సరే, కిటికీ లోంచి కిర్‌స్టీని చూడమని చెప్పి, నేనొక్కదాన్నే అని అది అన్నాకనే తలుపు తియ్యి.

ఈనిడ్